కాలు జారింది సరే, ఎముక ఎందుకు విరిగింది?

అక్కకు 72 ఏళ్లు. ప్రభుత్వాసుపత్రి ఎముకల వార్డులో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. తమ్ముడికి 68. కనిగిరి పక్కన పల్లెలో సొసైటీ సెక్రటరీగా పనిచేశాడు, ఇప్పటికీ రెండెకరాల్లో కంది వేస్తున్నాడు. మొన్నామధ్య తెల్లారుజామున వాకిట్లో కళ్లాపి తడి మీద కాలు జారి, కుడి చెయ్యి ఆనించి పడ్డాడు. మణికట్టు విరిగింది. కట్టు విప్పాక చూడటానికి వచ్చిన అక్క కాఫీ గ్లాసు అందుకోకముందే “ఎముకల స్కాన్ తీయించుకో” అంది. తమ్ముడు ససేమిరా అన్నాడు. ఆ పూట సాగిన వాదన ఇది. నేను మధ్యలో ఎక్కువగా దూరను. ఎవరి వైపు మొగ్గానో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

తమ్ముడు: కాలు జారింది, పడ్డాను, విరిగింది. కట్టు కట్టారు, అతుక్కుంది. ఇందులో ఎముక తప్పేముందక్కా? తప్పు ఎవరిదైనా ఉంటే అన్ని నీళ్లు చల్లిన నీ మరదలిది.

అక్క: దాని జోలికి వెళ్లకు. నువ్వు మేడ మీద నుంచి పడలేదు, బండి మీద నుంచీ పడలేదు. నిలబడ్డ చోట పడ్డావు. ఆ ఎత్తు నుంచి పడితే దెబ్బ తగలాలి, వాయాలి, నాలుగు రోజులు మూలగాలి. మణికట్టు విరగకూడదు. యాభై దాటినవాళ్లకు ఇంత చిన్న పాటుకే ఎముక విరిగితే లోపల అది పలచబడిందేమోనని అనుమానించాల్సిందే. మా వార్డులో ముందు మణికట్టుతో వచ్చినవాళ్లే అయిదారేళ్లకు తుంటితో వచ్చేవాళ్లు. పేర్లు కూడా గుర్తుపట్టేదాన్ని.

తమ్ముడు: నువ్వు చెప్పేది ఆడవాళ్ల జబ్బు. ముట్లు ఆగాక వాళ్లకు ఎముకలు కరుగుతాయని నాకూ తెలుసు. మగవాడికి ఎందుకొస్తుంది?

అక్క: సగం తెలుసు నీకు. ఎముక కట్టేసి వదిలేసిన గోడ కాదు. ఒక రకం కణాలు పాతదాన్ని తవ్వుతుంటాయి, ఇంకో రకం కొత్తది పూడుస్తుంటాయి. ముప్పై ఏళ్ల దాకా పూడ్చేది ఎక్కువ, ఆ తర్వాత తవ్వేది ఎక్కువ. తవ్వేవాటికి పగ్గం వేసేది ఈస్ట్రోజెన్. ముట్లు ఆగగానే ఆడదానికి ఆ పగ్గం తెగుతుంది. మొదటి అయిదారేళ్లు ఎముక చాలా వేగంగా పోతుంది. మగవాడికి పగ్గం తెగదు, నెమ్మదిగా వదులవుతుంది. పైగా మీ ఎముకలు మొదటి నుంచీ లావు. అందుకే మీకు పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. రాకుండా మాత్రం పోదు.

తమ్ముడు: మగవాడికి ఈస్ట్రోజెనేంటి?

అక్క: మీ మగ హార్మోనులోనే కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. మీ ఎముకలకూ అదే దిక్కు. 1994లో అమెరికా డాక్టర్లు ఒక 28 ఏళ్ల కుర్రాడి సంగతి రాశారు. మగ హార్మోను నిండుగా ఉంది, కానీ వాడి ఒంటికి ఈస్ట్రోజెన్‌ను అందుకునే ఏర్పాటే పుట్టుకతో లేదు. ఆ వయసుకే ఎముకలు గుల్లబారిపోయాయి. మగవాళ్ల ఎముకల గురించి డాక్టర్లు అనుకునేది అక్కడి నుంచే మారింది. ఇక మన దేశం లెక్క కావాలా? హర్యానాలో రోహ్‌తక్ జిల్లాలో యాభై దాటినవాళ్లలో తుంటి విరిగినవాళ్లను లెక్కగట్టారు. ఏడాదికి లక్ష మంది ఆడవాళ్లలో 159, లక్ష మంది మగవాళ్లలో 105. ఇది ఆడవాళ్ల జబ్బు అనడానికి సరిపోయే తేడానా? ఇంకోటి కూడా విను. తుంటి విరిగిన ముసలివాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు ఏడాది తిరక్కుండా పోతారు. ఆ పోయేవాళ్లలో ఆడవాళ్లకన్నా మగవాళ్ల పాలు ఎక్కువ.

తమ్ముడు: భయపెట్టకక్కా. మన తాతలకు స్కాన్‌లున్నాయా? జొన్నన్నం, రాగిసంకటి, మజ్జిగ. తొంభై ఏళ్లొచ్చినా కర్ర పట్టలేదు.

అక్క: తొంభై ఏళ్లు బతికిన ఒక్కణ్ణి గుర్తుపెట్టుకుని, నలభైకే పోయిన పదిమందిని మర్చిపోయావు. స్వాతంత్ర్యం వచ్చిననాటికి మన దేశంలో సగటు ఆయుష్షు ముప్పై చిల్లర. ఎముక పలచబడే వయసు దాకా బతికితే కదా! సరే, నాయనమ్మ గుర్తుందా నీకు?

తమ్ముడు: ఎందుకు గుర్తులేదు?

అక్క: ఎలా నడిచేది?

తమ్ముడు: వంగి. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, నేల చూసుకుంటూ.

అక్క: మనం దాన్ని ముసలితనం అనుకున్నాం. వెన్నుపూసలు ఒకటొకటే నలిగి, ముందువైపు కుంగితే మనిషి అలా వంగిపోతుంది. పడక్కర్లేదు, దెబ్బ తగలక్కర్లేదు. బిందె ఎత్తితే చాలు, దగ్గితే చాలు. నడుంనొప్పి అని పసరు రాసుకుని పడుకునేది. మనిషి ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గిందంటే వెన్ను ఎక్స్‌రే తీయాలి. చీర కుచ్చిళ్లు కాళ్ల కింద పడుతున్నాయని ఆమె పదేపదే అనేది, నాకు బాగా గుర్తు. చీర పొడుగు పెరగదు కదా.

(ఇక్కడ తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. నాయనమ్మ మాట రాకపోతే ఈ వాదన ఇంకో గంట అక్కడే తిరిగేది.)

తమ్ముడు: అయితే రాగిసంకటి దండగంటావా?

అక్క: నేనెందుకంటాను? మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలో వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. మునగాకులో మూడొందలు దాటి ఉంది. అవిసాకులో తొమ్మిదొందలు. నల్లనువ్వుల్లో పదహారొందల పైనే. పాలు వందకు నూట ఇరవై. పాలిష్ పట్టిన బియ్యంలో పది కూడా లేదు. నీకు రోజుకు వెయ్యి కావాలి, ముట్లు ఆగిన ఆడవాళ్లకు పన్నెండొందలు. తాత తిన్న సంకటి గురించి చెబుతున్నావు గానీ, నువ్వు నిన్న ఏం తిన్నావు?

తమ్ముడు: పొద్దున ఇడ్లీ. మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం.

అక్క: సంకటి?

తమ్ముడు: సంక్రాంతికి చేసింది.

అక్క: అదీ సంగతి.

తమ్ముడు: సరే, నా వంతు. డల్లాస్‌లో ఉన్న మావాడు చెప్పాడు. అమెరికాలో ముప్పయ్యారు వేల మంది ఆడవాళ్లకు ఏడేళ్లపాటు కాల్షియం, డి విటమిన్ ఇచ్చి చూశారట. 2006లో లెక్క తేల్చారు. తుంటి విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కిడ్నీలో రాళ్లు మాత్రం నూటికి 17 వంతులు ఎక్కువయ్యాయి. మళ్లీ 2022లో పాతికవేల మందికి రోజూ డి విటమిన్ ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడానే లేదు. ఏమంటావు?

అక్క: నిజమే అంటాను. మంచి తిండి తింటున్న, మామూలు ఆరోగ్యం ఉన్నవాళ్లకు డబ్బాలకొద్దీ కాల్షియం పోస్తే ఒరిగేదేమీ లేదు. ఆ అమెరికా ఆడవాళ్లు అప్పటికే తిండిలో వెయ్యికి పైగా తీసుకుంటున్నారు. మనవాళ్ల కంచంలో దాంట్లో సగం కూడా ఉండదు. కంచంలో ఎంత తగ్గిందో అంతే మాత్రతో పూడ్చాలి. తిండి మారిస్తే మాత్ర మానేయొచ్చు. నాకు ఒళ్లు మండేది ఆ డి విటమిన్ పొట్లాలతో. వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు రాస్తే, మనవాళ్లు చీటీ దాచుకుని ఏళ్లతరబడి తాగుతారు. ఒక్కో పొట్లంలో అరవై వేల యూనిట్లు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి అయిదు లక్షల యూనిట్లు ఒక్క మోతాదుగా ఇచ్చి చూశారు. 2010లో ఫలితాలు వచ్చాయి. వాళ్లు తక్కువ పడలేదురా, ఎక్కువ పడ్డారు. ఎముకలూ ఎక్కువే విరిగాయి.

తమ్ముడు: అట్లా ఒప్పుకో. ఇక డి విటమిన్‌కు నాకు లోటేముంది, పుట్టినప్పటి నుంచీ ఎండలోనే ఉన్నాను.

అక్క: అందరూ అదే అనుకున్నారు. తిరుపతిలో పరిశోధకులు టౌను వాళ్లనీ పల్లె వాళ్లనీ పరీక్షించి 2007లో రాశారు. పొలంలో పనిచేసేవాళ్లు టౌను వాళ్లకన్నా మెరుగే గానీ, వాళ్లలోనూ తక్కువున్నవాళ్లు బోలెడుమంది. పొద్దుటి లేతెండతో డి విటమిన్ పెద్దగా తయారవదు. తిరుపతిలోనే తేలింది, పదకొండుకూ రెండుకూ మధ్య ఎండే పనిచేస్తుందని. ఆ వేళకు నువ్వు తలపాగా, ఫుల్‌చేతుల చొక్కాతో వేపచెట్టు కింద ఉంటావు. పైగా వయసు మీరిన చర్మం కుర్రచర్మమంత తయారు చెయ్యలేదు.

తమ్ముడు: మన నీళ్ల సంగతి మర్చిపోయావు. ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలు ఎక్స్‌రేలో సుద్దముక్కల్లా తెల్లగా కనిపిస్తాయని నువ్వే చెప్పావు ఒకసారి. అంటే గట్టివే కదా?

అక్క: తెల్లగా ఉండటం వేరు, గట్టిగా ఉండటం వేరు. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట రాసింది మన వైపు పల్లెల గురించే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. వెన్ను వెదురుబొంగులా బిగుసుకుపోయి మెడ తిప్పలేనివాళ్లను నువ్వూ చూశావు, నేనూ చూశాను. ఎముక చిక్కబడుతుంది, కానీ లోపలి అల్లిక చెడుతుంది. అమెరికాలో కొంతకాలం ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. నాలుగేళ్లకు వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు నలగడం తగ్గలేదు, మిగతాచోట్ల ఎముకలు ఇంకా ఎక్కువ విరిగాయి. 1990లో ఆ ముచ్చట ముగిసింది. అందుకే స్కాన్ అంకె ఒక్కటే చూసి మురిసిపోకూడదు, భయపడిపోకూడదు. మన వైపు నీళ్లు తాగిన మనిషి స్కాన్‌లో నార్మల్ అని వస్తే నేను ఇంకాస్త అనుమానిస్తాను.

తమ్ముడు: మరి అంకెను నమ్మనప్పుడు నన్నెందుకు తీయించుకోమంటున్నావు? మన సెంటర్‌లో పోయినేడు క్యాంపు పెట్టారు. కాలు మడమ మిషన్‌లో పెట్టించి, వచ్చినవాళ్లందరికీ ఎముకలు వీక్ అని చెప్పి, డబ్బా ఎనిమిది వందల చొప్పున అమ్ముకుపోయారు.

అక్క: అది మడమకు చేసే అల్ట్రాసౌండ్. దాన్ని బట్టి జబ్బు ఉందని తేల్చకూడదు, డబ్బాలు అసలే అమ్మకూడదు. నేను చెప్పేది డెక్సా. పడుకోబెట్టి తుంటికీ నడుముకూ తీస్తారు, పావుగంట పని. ముప్పై ఏళ్ల ఆరోగ్యవంతుల ఎముకతో పోల్చి అంకె ఇస్తారు. మైనస్ రెండున్నర, అంతకన్నా కిందికి పోతే జబ్బు అని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. నీ విషయంలో మణికట్టు విరిగి సగం చెప్పేసింది. మిగతా సగం ఎంతవరకు వచ్చిందో చూడటానికే స్కాన్. అది సరే, ఆయాసం ఎలా ఉంది నీకు?

తమ్ముడు: ఎముకల్లోంచి ఆయాసంలోకి దూకావేంటి? చలికాలం వస్తే ఉంటుంది. మన ఆర్‌ఎంపీ పొట్లం కట్టిస్తాడు. మూడు రకాలు. అందులో చిన్న తెల్లమాత్ర ఒకటుంది, గంటలో ఊపిరాడుతుంది. ఆకలీ బాగా వేస్తుంది.

అక్క: ఎన్నేళ్లుగా?

తమ్ముడు: పదేళ్లుంటుంది. చలికాలమంతా, మొగులేసినప్పుడల్లా. పొట్లమెందుకని ఈమధ్య షీటే తెచ్చుకుంటున్నా. ఆ గూట్లో ఉంది చూడు.

(అక్క లేచి గూట్లోంచి షీటు తీసింది. వెనక రేకు మీద అక్షరాలు కనిపించక వెలుతురుకు పట్టి చదివింది: ప్రెడ్నిసొలోన్, 10 మిల్లీగ్రాములు. పది గుంటల్లో ఏడు ఖాళీ.)

అక్క: ఇదిరా నీ ఎముకను తిన్నది. స్టెరాయిడ్. రోజుకు అయిదు మిల్లీగ్రాములు మూడు నెలలు వేసుకుంటేనే ఎముక గురించి ఆలోచించాలంటారు. ఇది పూడ్చే కణాలను పనిచెయ్యనివ్వదు. మొదటి ఆరునెలల్లోనే పోయేది ఎక్కువ. మోకాళ్లనొప్పులకని, ఉబ్బసానికని, ఒళ్లునొప్పులకని పల్లెల్లో పొట్లాల్లో పోయేది ఎక్కువగా ఇదే. కాల్షియం, ఎండ, సంకటి అని ఇందాకటి నుంచీ కొట్టుకుంటున్నాం, అసలు సంగతి గూట్లో కూర్చుంది.

తమ్ముడు: అయితే రేపటి నుంచి మానేస్తా.

అక్క: ఆ పని మాత్రం చెయ్యకు. ఇన్నాళ్లు వేసుకున్నది ఒక్కసారిగా ఆపితే ఒంట్లో తయారవ్వాల్సిన స్టెరాయిడ్ తయారవక ప్రాణం మీదికొస్తుంది. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లు. పీల్చే మందు ఇస్తాడు, అది చాలా తక్కువ మోతాదు. దీన్ని మెల్లగా తగ్గిస్తాడు. ఎముకను తినేవి ఇంకా ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర అవసరానికి మించి వేసుకోవడం, కొన్ని మూర్ఛ మందులు, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మగ హార్మోను ఆపే ఇంజెక్షన్లు, నీ చుట్ట, నీ సాయంత్రం మందు. మీ ఆవిడను కూడా తీసుకెళ్లు. దానిది ఇంకో కథ.

తమ్ముడు: దానికేమైంది? అది పడలేదు, విరగలేదు.

అక్క: గర్భసంచి ఎప్పుడు తీసేశారు?

తమ్ముడు: ముప్పై నాలుగో ఏట. తెల్లబట్ట అవుతోందని పోతే, ఉంచుకుంటే క్యాన్సరొస్తుందన్నారు. అన్నీ తీసేశామన్నారు.

అక్క: ఆ ‘అన్నీ’లో అండాశయాలు కూడా పోయాయి. యాభైకి తెగాల్సిన పగ్గం ముప్పై నాలుగుకే తెగింది. పదహారేళ్లు ముందు! మన పల్లెల్లో ఎవరిని కదిలించినా ఇదే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది, తెలంగాణలో ఏడు దాటింది. అండాశయాలు ఉంచినా ముట్లుడిగే వయసు కాస్త ముందుకొస్తుంది. ఆపరేషన్ చేసినవాళ్లు కుట్లు విప్పి పంపేశారు. ఎముకల సంగతి దానికి చెప్పినవాళ్లెవరు?

(దీనికి తమ్ముడి దగ్గర జవాబు లేదు. ఉండాల్సింది అతని దగ్గర కూడా కాదు.)

తమ్ముడు: సరే, స్కాన్‌లో వచ్చిందే అనుకో. మందులు వేస్తే దవడ ఎముక పుచ్చిపోతుందని విన్నా.

అక్క: క్యాన్సర్‌కు ఇచ్చే పెద్ద మోతాదుల్లో ఆ భయం ఎక్కువ. ఎముకల కోసం ఇచ్చే మోతాదులో చాలా అరుదు. పీకించుకోవాల్సిన పళ్లుంటే ముందే పీకించుకో. వారానికొక మాత్ర ఉంటుంది. పరగడుపున మంచినీళ్లతోనే వెయ్యాలి, అరగంట నడుం వాల్చకూడదు, కాఫీ తాగకూడదు. లేదంటే ఆహారనాళం పుండవుతుంది. అది కుదరనివాళ్లకు ఏడాదికోసారి ఎక్కించే ఇంజెక్షన్ ఉంది. తుంటి విరిగి ఆపరేషనైనవాళ్లకు, ఆడామగా ఇద్దరికీ, ఇచ్చి చూసి 2007లో లెక్క తేల్చారు. మళ్లీ విరగడం 35 శాతం, చావులు 28 శాతం తగ్గాయి. ఆరునెలలకోసారి ఇచ్చే ఇంకో ఇంజెక్షన్ ఉంది, అది మాత్రం డాక్టరుకు చెప్పకుండా మధ్యలో ఆపితే వెన్నుపూసలు వరసపెట్టి నలిగే ప్రమాదం ఉంది. ఏదైనా కిడ్నీ, కాల్షియం పరీక్షలు చూశాకే.

తమ్ముడు: నేను రోజూ రెండు మైళ్లు నడుస్తున్నా. అది లెక్కలోకి రాదా?

అక్క: గుండెకు వస్తుంది. ఎముకకు కొంచెమే. ఎముకకు బరువు పడాలి. ఆస్ట్రేలియాలోనే, ఎముక పలచబడ్డ అరవై ఏళ్ల ఆడవాళ్లచేత ఎనిమిది నెలలు బరువులెత్తించారు, పక్కన నేర్పేవాళ్లను పెట్టి. వెన్నెముక సాంద్రత దాదాపు మూడు శాతం పెరిగింది. ఎత్తనివాళ్లకు ఒక శాతం పైగా తగ్గింది. అలాగని రేపు పొద్దున ఎరువుబస్తా ఎత్తకు, ముందు వెన్ను ఎలా ఉందో చూడనీ. అంతదాకా కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, ఒంటికాలి మీద గోడ పట్టుకుని నిలబడటం చాలు. పడకుండా ఉండటానికి అవే పనికొస్తాయి.

తమ్ముడు: పడకుండా ఉండటమే అసలు మందని నేనెప్పటి నుంచో అంటున్నా.

అక్క: అన్నావు, కళ్లాపి మీద నెట్టావు. రాత్రి ఎన్నిసార్లు లేస్తావు?

తమ్ముడు: మూడుసార్లు.

అక్క: లైటు వేసుకుని?

తమ్ముడు: మీ మరదలికి నిద్ర చెడుతుందని వెయ్యను.

అక్క: చీకట్లో, అరిగిన హవాయి చెప్పులతో, లుంగీ అంచు కాలికి తట్టుకుంటూ, దొడ్లో ఉన్న మరుగుదొడ్డికి. కుడికన్ను శుక్లం రెండేళ్లుగా వాయిదా. బీపీ మాత్ర వేసుకుని గభాల్న లేవడం. ఏ ఎముకైనా ఎంతకాలం ఆగుతుంది?

ఆ పూటకు తెగింది ఇంతే. గోడకు పట్టుకునే రాడ్డు, వరండాలో చిన్న బల్బు, శుక్లం ఆపరేషన్, ఊపిరితిత్తుల డాక్టరు: వీటికి తమ్ముడు ఒప్పుకున్నాడు. స్కాన్‌కు మాత్రం “ముందు మీ మరదలికి తీయించు, తర్వాత చూద్దాం” అన్నాడు. కాల్షియం డబ్బాల మీద, క్యాంపుల మీద అతను అన్నవన్నీ నిజమే. కానీ డబ్బాల వాళ్లు మోసం చేశారని జబ్బు లేకుండా పోదు. పదేళ్లు తెల్లమాత్ర మింగి, నిలబడ్డ చోట పడి మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషికి స్కాన్ అక్కర్లేదనడం నాకు మొండితనంగానే తోచింది.

మీ ఇంట్లో యాభై దాటినవాళ్లకు ఇలాగే ఎముక విరిగితే, కట్టు కట్టించుకుని ఇంటికి వచ్చేయకండి. వాళ్లు వేసుకునే మాత్రలన్నీ సంచిలో వేసుకెళ్లి డాక్టరు ముందు పెట్టండి. “అతికించారు సరే, మళ్లీ విరగకుండా ఏం రాస్తున్నారు?” అని అడగండి. విరిగింది మగవాడికైనా సరే.